పన్నెండు తరఫున పలికినవాడు

మొన్న మంగళవారం పొద్దున మా లెక్కల సారు ఫోన్ చేశారు. తనంతట తాను ఎవరికీ ఫోన్ చెయ్యని మనిషి. "ముప్పై ఒకటి పోయిండురా" అన్నారు. వెంటనే పెట్టేశారు. తర్వాత తెలిసింది, షేర్ ఆటో స్టాండులో ప్యాసింజర్లను పిలుస్తూ పిలుస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

ముప్పై ఒకటి అంటే మా హాజరు పట్టీలో వాడి నంబరు. నానక్‌రామ్‌గూడ సర్కారు బడిలో మా పదో తరగతిలో ఒకే పేరున్నవాళ్ళు నలుగురు ఉండేవారు. ఆ తలనొప్పి ఎందుకని సారు అందరినీ నంబర్లతోనే పిలిచేవారు. మాకూ అదే అలవాటైంది. తలలు నెరుస్తున్నా నేను ముప్పయ్యే, నా పక్కన కూర్చునేవాడు ముప్పై ఒకటే. వాడి పెళ్ళిపత్రిక చూసేదాకా వాడి ఇంటిపేరేమిటో నాకు తెలియదంటే నమ్మండి.

వాడికి ఒక విద్య ఉండేది. ఎవరి గొంతయినా ఒకసారి వింటే చాలు, అచ్చంగా దించేసేవాడు. హెడ్మాస్టరు దగ్గు, అటెండరు సణుగుడు, మా సారు చాక్‌పీస్ విరిగినప్పుడు చేసే చప్పుడు కూడా. ఎట్లా వస్తుందిరా అని అడిగితే "గుర్తుంటే చాలు, గొంతు అదే వస్తది" అనేవాడు. ఆ విద్యతో బడికి రానివాళ్ళ తరఫున హాజరు పలికేవాడు.

దానివల్ల ఎక్కువ లాభపడింది పన్నెండో నంబరు. వాడికి ఈత పిచ్చి. అన్నం బెల్లు కొట్టగానే గోడ దూకి క్వారీ గుంతకు పోయేవాడు. మధ్యాహ్నం హాజరప్పుడు సారు తల ఎత్తకుండా "పన్నెండు" అనేవారు. వెనక బెంచీ నుంచి పన్నెండు గొంతుతోనే "హాజర్ సార్" అని వినపడేది. మేం తలలు దించుకుని నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు అలాగే పలికాడు, అలాగే నవ్వుకున్నాం. కాసేపటికి పన్నెండు వాళ్ళమ్మ గేటు దగ్గరికి వచ్చి, కొడుకు బడిలో ఉన్నాడా, ఎందుకో మనసు బాగాలేదు అని అటెండరును అడిగింది. అటెండరు స్టాఫ్ రూముకు వెళ్ళాడు. సారు పట్టీ తెరిచి చూసి, హాజరు ఉందని చెప్పి పంపారు. ఆమె నమ్మి వెళ్ళిపోయింది. సాయంత్రం క్వారీ ఒడ్డున పన్నెండు చొక్కా, చెప్పులు దొరికాయి. వాడు దొరకలేదు.

ఆమె వచ్చినప్పుడే వెతికి ఉంటే బతికేవాడా అన్నది ఎవరికీ తెలియదు. ముప్పై ఒకటి మాత్రం తనకు తెలుసన్నట్టే బతికాడు. ఆ రోజు నుంచి చాలా ఏళ్ళు ఎవరి గొంతూ దించలేదు. చదువు ఆపేసి, ఊరంతా అద్దాల భవనాలు లేచే నాటికి షేర్ ఆటో నడుపుకుంటున్నాడు. ఎంత రద్దీ ఉన్నా తన పక్కన ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. లాప్‌టాప్ సంచులతో వేలాడేవాళ్ళు చోటుంది కదా అని గొడవపడితే, "ఆ సీటు నిండింది సార్" అని నవ్వి ఊరుకునేవాడు.

ఆ క్వారీ ఇప్పుడు లేదు. అక్కడే మా ఆఫీసు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం, బండి పెట్టేది మూడో సెల్లారులో. ఎండాకాలంలో కూడా అక్కడ గోడ చెమ్మగిల్లి ఉంటుంది, మోటారు నీళ్ళు తోడుతూనే ఉంటుంది. బండి తేని రోజుల్లో ముప్పై ఒకటి ఆటోలో వస్తే, నన్ను ఎప్పుడూ మలుపు దగ్గరే దింపేవాడు. ఒకసారి వాన కురుస్తుంటే గేటు దాకా రమ్మని విసుక్కున్నాను. "కింద వాడుండంగ మీదికెల్లి ఆటో ఎట్ల తోలాల్రా?" అన్నాడు. నేను తడుస్తూ నడిచాను.

సారు రిటైరయ్యాక మా తరగతి వాళ్ళం ఏటా ఒక ఆదివారం పాత గదిలో కలుసుకోవడం మొదలుపెట్టాం. ఆ నాటి పట్టీ సారు తన దగ్గరే దాచుకున్నారు. పన్నెండు గడిలో ఆ రోజు పెట్టిన టిక్కును ఆయన కొట్టెయ్యనూ లేదు, దాని గురించి మాట్లాడనూ లేదు. దాన్నే తెరిచి నంబర్లు పిలుస్తారని తెలిసి, మొదటి కలయికకు ముందు ముప్పై ఒకటి పన్నెండు వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పేశాడు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. "ఎట్ల పలికినవో ఒక్కపారి పలుకు" అంది. వీడు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, పలికాడు. ఆమె విని లోపలికెళ్ళి పొయ్యి వెలిగించుకుంది.

ఆ ఏడాది నుంచి ఆమె కూడా వస్తోంది. తీసుకొచ్చేది ముప్పై ఒకటే. ఆ పక్క సీట్లో ఆమె ఒక్కతే కూర్చునేది. బెంచీ మీద ఆ చివర ఆమె, ఈ చివర నేను, మధ్యలో వాడు. సారు "పన్నెండు" అనేవారు, వాడు పలికేవాడు, ఆమె కళ్ళు మూసుకుని వినేది. క్షమించానని మాత్రం ఎన్నడూ అనలేదు. "అడగాలనుందిరా, నోరు వస్తలేదు" అని వాడు నాతో ఒకసారి అన్నాడు. అందరి గొంతులూ వచ్చినవాడికి అదొక్కటే రాలేదు.

ఒక సంగతి చెప్పాలి. మొదటి ఏడాది విన్నది పదిహేనేళ్ళ పిల్లాడి గొంతు. తర్వాత తర్వాత అది బొంగురుపోయింది, ఆపైన ముదిరింది. తప్పులు పట్టే బుద్ధి కదా, గొంతు సరిగ్గా దించట్లేదని వాణ్ణి ఆటపట్టించాను. వాడు నవ్వలేదు. "నేను చేస్తలేనురా. నోరు తెరుస్తున్న, గంతే. వాడే పెద్దోడైతుండు" అన్నాడు. పోయినేడు ఆ గొంతు కాస్త ముక్కుతో పలికింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె నాతో, వానికి సర్ది చేసినట్టుంది, అంది. ముప్పై ఒకటికి ఏ జలుబూ లేదు. అబద్ధమెందుకు, నాకు భయమేసింది.

ఈ ఏడు కలయికకు వాడు పోయాక వచ్చిన ఆదివారమే కుదిరింది. మానేద్దామని కొందరన్నారు, సారు ఒప్పుకోలేదు. ఆమెను తీసుకొచ్చే పని నాకు పడింది. ఆమె కొడుకు నంబరు పిలిస్తే ఈసారి పలికేవాడు లేడు. ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక, పోయినేటి వీడియో ఉంది పెద్దమ్మా, అది పెడతాం అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అది పోయినేటి గొంతు బిడ్డా. వాడు ఇంకో ఏడు పెద్దోడైండు కదా."

గదిలో సాయంత్రపు ఎండ పడమటి కిటికీలోంచి పడుతోంది. తూర్పున రోడ్డవతల అద్దాల భవనానికి తగిలి అదే ఎండ ఆ పక్క నుంచి కూడా వస్తోంది. నేల మీద ప్రతి మనిషికీ రెండు నీడలు, ఒకటి ఇటు, ఒకటి అటు. సారు పట్టీ తెరిచారు. ఏడో నంబరు, ఇరవై నాలుగో నంబరు కూడా ఇప్పుడు బతికి లేరు. వాళ్ళ దగ్గర ఆయన ఎప్పుడూ గొంతు తగ్గించి, కాస్త ఆగి, ముందుకు పోతారు.

"పన్నెండు" అన్నారు. ఎవరూ పలకలేదు. సారు పెన్ను గాల్లోనే ఆగింది. పెద్దమ్మ కదల్లేదు. మా ఇద్దరి మధ్య ఖాళీగా ఉన్న చోటునే చూస్తోంది. ఆ పిల్లాడు ఇవాళ నిజంగా పోయాడనిపించింది.

ముప్పై దగ్గర నేను పలికాను. "ముప్పై ఒకటి" అని సారు తల ఎత్తకుండా పిలిచారు.

"హాజర్ సార్."

నలభై దాటిన మగమనిషి గొంతు. జలుబు ఇంకా పూర్తిగా తగ్గనట్టుంది. నా పక్క నుంచే వచ్చింది. తిరిగి చూసేసరికి పెద్దమ్మ పెదాలు అప్పుడే మూసుకుంటున్నాయి. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నా వైపు చూసి, తన సన్నటి గొంతుతో మెల్లగా అంది: "మావోడే. దోస్తు కోసం పలికిండు. ఇగ ఫికర్ లేదు."

వాడు అడగలేకపోయినదానికి జవాబు అదేనని నాకు అర్థమైంది. ఆరు రోజులు ముందుగా వచ్చి ఉంటే ఎంత బాగుండేది అని ఏడుపొచ్చింది.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ముప్పై ఒకటి గడిలో టిక్కు పెట్టి, తర్వాతి నంబరు పిలిచారు. నేను తల దించుకున్నాను. బెంచీ మీద ఉన్నది మేమిద్దరమే, నేల మీద నాలుగు నీడలుండాలి. లెక్కల సారు శిష్యుణ్ణే, కానీ లెక్కపెట్టలేదు.