ఆరో తరగతి చిక్కుడు కూర వద్దన్న రోజు

డిసెంబరులో ఒక బుధవారం మధ్యాహ్నం మా ఆశ్రమ పాఠశాల మెస్సులో ఆరో తరగతి పిల్లలందరూ చిక్కుడుకాయ కూర వద్దన్నారు. గొడవేమీ చేయలేదు. వరుసలో నిలబడ్డారు, అన్నం పెట్టించుకున్నారు, చారు పోయించుకున్నారు. కూర దగ్గరికి వచ్చేసరికి మాత్రం కంచం పక్కకు జరిపారు. వంటమనిషి లచ్చమ్మ గరిటె చేతిలో పట్టుకునే స్టాఫ్ రూముకు వచ్చింది.

“ఏందిది టీచర్? ఆరో తరగతోళ్లు ఒక్క పిల్ల గూడ కూర ఏయించుకుంటలేదు. ఉప్పెక్కువైందా అని నేనే రుచి చూసిన. మంచిగనే ఉంది.”

హెడ్‌మిస్ట్రెస్ గారి ముఖం వాడిపోయింది. హాస్టల్లో పిల్లలు తిండి వద్దన్నారంటే ఆ సంగతి సాయంత్రానికి భద్రాచలంలోని గిరిజన సంక్షేమ ఆఫీసుకు, మర్నాటికి పత్రికలో జిల్లా పేజీకి చేరుతుంది. అలాంటి వార్తలకు ఒకప్పుడు నేనే శీర్షికలు పెట్టినదాన్ని కాబట్టి ఆవిడ భయం నాకు తెలుసు. ఇద్దరం మెస్సుకు పరుగెత్తాం.

ఏం జరిగిందని అడిగితే క్లాస్ లీడర్ స్వప్న లేచి నిలబడింది.

“కూర మంచిగనే ఉంటది మేడం. జోగమ్మోళ్ల ఊళ్లె చిక్కుడు పండుగ ఇంకా కాలే. అయినంక అందరం తింటం.”

పక్కనే కూర్చున్న జోగమ్మ తలెత్తకుండా చారన్నం కలుపుకుంటోంది. ఆ పిల్ల పక్కన మరొకరు కూర్చుని తినడం చాలా వారాల తర్వాత అదే మొదలు. నా సర్వీసులో గెలిచానని ధైర్యంగా చెప్పుకోగల రోజు అది.

నేను మొదట ఖమ్మంలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ను. తర్వాత టీచరు ఉద్యోగం వచ్చింది. కరోనా సెలవుల తర్వాత బడులు పూర్తిగా తెరిచిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను ఒక బాలికల ఆశ్రమ పాఠశాలకు బదిలీ చేశారు. పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్లే బస్సెక్కి, మధ్యలో దిగి, ఆటోలో అడవిలోకి వెళ్లాలి. ఆశ్రమ పాఠశాలంటే బడీ హాస్టలూ ఒకే ఆవరణలో ఉంటాయి. కాగితం మీద హెడ్‌మిస్ట్రెస్సే వార్డెన్. మెస్సు, పిల్లల పడక గదులు, ఇంటికి పంపే అవుట్‌పాస్ చీటీలు చూసుకోవడానికి ఒక టీచరును డిప్యూటీ వార్డెన్‌గా పెడతారు. సోషల్ పాఠాలతో పాటు ఆ బాధ్యతా నాకు వచ్చింది.

ఆ ఏడాది ఆరో తరగతి పిల్లలు అంతకు ముందు బడిలో గడిపింది తక్కువ. వాళ్లు చదువులో వెనకబడ్డారని అందరూ అనేవారు. నాకు కనిపించింది వేరు. సబ్బు కావాలంటే అడగకుండా తీసుకునేవారు. ఆటలో చేరాలంటే నెట్టుకుంటూ దూరేవారు. పోట్లాడుకున్నాక మళ్లీ ఎలా మాట కలపాలో ఒక్కరికీ తెలిసేది కాదు.

జూలూరుపాడు దగ్గరి తండా నుంచి స్వప్న వాళ్ల అమ్మ ఒక ఆదివారం బిడ్డను చూడటానికి వచ్చి పల్లీల పొడి వేసిన చిక్కుడుకాయ వేపుడు తెచ్చింది. స్వప్న తన వరుసలో అందరికీ వడ్డించింది. జోగమ్మ కంచం వెనక్కి లాక్కుంది. స్వప్న బలవంతం చేసింది, జోగమ్మ లేచి వెళ్లిపోయింది. అక్కడితో ఆగలేదు. మెస్సులో చిక్కుడు వండిన ప్రతిసారీ ఎవరో ఒకరు “ఏమే, మా చేతి తిండి నీకు చేదా?” అని ఆ పిల్ల కంచంలో గరిటెడు వేసేవారు. ఆమె తీసి పక్కన పెట్టేది. కొన్నాళ్లకు ఆమెతో మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు.

ఇదంతా నా దృష్టికి వచ్చింది జోగమ్మ వాళ్ల నాన్న వచ్చిన రోజున. కోయ గూడెం మనిషి, మిరప తోటల్లో కూలికి వెళ్తాడు.

“దీనికి ఈడ మనసు పడ్తలేదు టీచరమ్మ. ఫోన్ల ఒక్కటే ఏడుపు. టీసీ ఇయ్యుండ్రి, తీస్కపోత.”

మధ్యలో బడి మాన్పించాలంటే తండ్రి అర్జీ, హెడ్‌మిస్ట్రెస్ సంతకం చాలు. ఆ తర్వాత ఆ పిల్ల మళ్లీ ఏ బడిలోనైనా చేరుతుందన్న నమ్మకం లేదు. కొద్ది రోజులు ఆగమని బతిమాలాను. ఒప్పుకున్నాడు కానీ, వచ్చే నెల రెండో శనివారం వస్తానని, అప్పటికీ ఇట్లాగే ఉంటే తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు.

పత్రికలో మా చీఫ్ సబ్ ఎడిటర్ ఒక వైపు మాటే ఉన్న వార్తను చదవకుండానే తిప్పి పంపేవారు. ఆ అలవాటుతో ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టాను. తప్పెవరిదని అడగలేదు. ముందు ఏం చూశావని, తర్వాత ఏమనుకున్నావని అడిగాను.

స్వప్నకు మాటలు వెతుక్కోవాల్సిన పని లేదు. “ఎక్కువ చేస్తది టీచర్. మేమేమన్న విషం పెడ్తున్నమా? మా తండా కాయ ముట్టదంట!”

జోగమ్మ గోరుతో బల్ల గీకింది. “తెల్సే పెడ్తున్నరు టీచర్,” అంది.

కోయ గూడేల్లో కొత్త పంట ఏదైనా ముందు వేల్పుకు పెట్టి ఊరంతా పండుగ చేసుకోవాలి. అది అయ్యేదాకా ఆ కాయ నోట పెట్టరు. చిక్కుడుకు ఒక పండుగ, మామిడికి ఒకటి. రోజు ఏ ఊరికి ఆ ఊరి పెద్దలే పెట్టుకుంటారు. క్లాసులో మరో ఇద్దరు కోయ పిల్లలున్నారు. వాళ్లవి రోడ్డు పక్క ఊళ్లు, పండుగ ముందే అయిపోయింది కాబట్టి తింటున్నారు. జోగమ్మ వాళ్ల ఊళ్లో పూజారికి జ్వరం వచ్చి పండుగ వాయిదా పడింది. ఇది ఒకరికి విడమరిచి చెప్పాల్సిన సంగతని ఆ పిల్లకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచి ఎవరూ ఎవరికీ చెప్పగా వినలేదు మరి. అందరికీ తెలుసనీ, తెలిసే తనతో నియమం తప్పించాలని చూస్తున్నారనీ అనుకుంది.

క్లాసులో నిలబడి ఈ సంగతి నేనే చెప్పేయవచ్చు. చెబితే పిల్లలు వింటారు, గరిటెలు ఆగుతాయి. పక్కన కూర్చోవడం మాత్రం మొదలవదు.

అందుకని సోషల్ పీరియడ్‌లో విలేకరుల ఆట పెట్టాను. ఇద్దరిద్దరు కూర్చోవాలి. ఒకరు “మీ ఇంట్ల ఎట్ల?” అని అడగాలి, రెండో వాళ్లు చెప్పాలి. చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో నవ్వకూడదు, “గట్లెందుకు?” అనకూడదు. విన్నది క్లాసు ముందు చెప్పాలి. చెప్పిన మనిషి “అవ్” అంటేనే వార్త నిలుస్తుంది. “కాదు” అంటే వెళ్లి మళ్లీ అడగాలి. మొదట్లో వంటలు, ఆటల వంటి తేలిక విషయాలు ఇచ్చాను. జతలు రోజూ మార్చాను. పిల్లలకు అలవాటయ్యాకే స్వప్నను జోగమ్మ ఎదురుగా కూర్చోబెట్టి, పండుగల గురించి అడగమన్నాను.

స్వప్న అరనిమిషంలో లేచింది. “జోగమ్మకు చిక్కుడుకాయ పడదు.”

“కాదు,” అంది జోగమ్మ. ఆ క్లాసులో ఆమె గొంతు అంత గట్టిగా వినపడటం అదే మొదటిసారి. వెనక నుంచి ఎవరో “లీడర్ ఫెయిల్!” అని అరిచారు. స్వప్న మూతి ముడుచుకుని మళ్లీ కూర్చుంది. ఈసారి బెల్లు కొట్టేదాకా లేవలేదు. లేచాక క్లాసుకు చెప్పాల్సింది మరిచిపోయి జోగమ్మతోనే తగువు పెట్టుకుంది.

“పండుగ కాకముందు తింటే ఊరికి కీడని నాకేం తెల్సు? చెప్తే కద తెల్సేది!”

“అడిగితే కద చెప్పేది!”

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ ఇద్దరూ కూడా నవ్వారు. స్వప్న అంతటితో ఊరుకోలేదు. “మా తండాల తీజ్ పండుగ అయ్యేదాక మా అక్కలు ఉప్పు ముట్టరు. ఎవలన్న ఉప్పేసి పెడ్తే మా యాడి, అదే మా అమ్మ, ఊకుంటదా? జోగమ్మోళ్లకు చిక్కుడు గూడ గసొంటిదే” అని తనే క్లాసుకు చెప్పింది. అప్పుడు జోగమ్మ వైపు చూశాను. “అవ్, గట్లనే,” అంది.

తర్వాతి బుధవారం కంచాలు జరపమని వాళ్లకు నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. అది వాళ్లలో వాళ్లు అనుకున్న మాట. సంగతి తెలిశాక లచ్చమ్మ, “గట్లనా? ముందుగాలే చెప్తే పప్పన్న వండేదాన్ని కదనే!” అని ఆరో తరగతికి కోడిగుడ్లు ఉడకేసింది.

శనివారం జోగమ్మ వాళ్ల నాన్న వచ్చాడు, చేతిలో సంచితో. ఊళ్లో పండుగ అయిందట, వేల్పుకు పెట్టిన చిక్కుడుకాయలు ఉడకబెట్టి తెచ్చాడు. టీసీ మాట ఆయన ఎత్తకముందే జోగమ్మ, “నేను రాను నాయిన. కబడ్డీల నన్ను తీస్కున్నరు,” అంది. తనే అందరికీ పంచింది. స్వప్న దోసిలి పట్టి కూడా ఒక క్షణం ఆగింది.

“గిప్పుడు తినొచ్చా? మల్ల మీ ఊరికేం కాదు కద?”

“తినవే. నీ కడుపుకే ఏమన్నయితది, గంత తింటే.”

స్నేహం చేయండని చెబితే పిల్లలకు స్నేహం రాదు. అడగడం, విన్నదాన్ని మార్చకుండా చెప్పడం మాత్రం నేర్పవచ్చు. లెక్కలు నేర్పినట్టే, తప్పులు దిద్దుతూ, రోజూ కొంత. ఆ రెండూ వచ్చాక మిగతాది వాళ్లే చూసుకున్నారు. పదవీ విరమణ చేసేదాకా ప్రతి ఆరో తరగతికీ ఆ ఆట ఆడించాను.

ఆ శనివారం తిరిగి వెళ్తూ ఆటో దగ్గర జోగమ్మ వాళ్ల నాన్న ఒక మాట అన్నాడు. “దీని అక్క గూడ ఈడనే సదివింది టీచరమ్మ. మీరు రాకముందు. గిట్లనే మధ్యల వచ్చేసింది. ఎందుకే అంటే చెప్పదు.”

సంక్రాంతి సెలవుల్లో ఆ గూడెం వెళ్లాను. పెద్దమ్మాయి నాకు మంచినీళ్లు ఇచ్చింది, చెల్లెలు కబడ్డీ ఎలా ఆడుతోందని అడిగింది. బడి సంగతి ఎత్తగానే లేచి మిరప తోటకు వెళ్లిపోయింది. ఆ తర్వాతా వెళ్లాను, నాకు తెలిసిన పద్ధతుల్లో అడిగాను. చెల్లెలు ఇప్పుడు పదో తరగతి చదువుతోంది. అక్క కూలికి వెళ్తోంది. ఆమె బడి ఎందుకు మానేసిందో నాకు ఇంకా తెలియదు.