టేక్ పుస్తకం రాసింది మా సారే

మా ఇంగ్లీషు సారు పోయారు. పంజాగుట్ట బస్టాపులో, ఒకప్పుడు సారు క్లాసులో కూర్చున్న దర్జీ భాయ్ ఎదురొచ్చి, "సార్ ఇగ లేరమ్మా. తెల్లారి లేపితే లేవలేదంట" అన్నాడు. ఆఫీసుకు వెళ్లే బస్సు వదిలేశాను. పోయినవారి గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను. కానీ నాలో ఏడుపు కంటే పగ ఎక్కువగా ఉంది. దాన్ని దాచను.

అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పేవారు. అప్పట్లో నేనక్కడ టైపిస్టును. 'టేక్' అనే ఒక్క క్రియ మీద పుస్తకం రాస్తూ ఆయన ఆరేళ్లు కూర్చున్నారు. "గీ మాట ఇంగ్లీషోళ్ల సొంతం కాదు. ఉత్తరం దిక్కుకెల్లి పడవలల్ల దోపిడికొచ్చినోళ్లు తెచ్చిండ్రు" అని మొదలుపెట్టేవారు. "అంతకుముందు గాళ్లకు 'నిమన్' అని ఇంటి మాట ఉండె. వచ్చింది నిలబడ్డది, ఇంట్లది ఎల్లిపోయింది. మొదట్ల దీనికి ముట్టుడని అర్థం. ముట్టినంక పట్టుకునుడు, పట్టుకున్నంక తీస్కపోవుడు." క్లాసులో ఒక్కరు కూడా కదిలేవారు కాదు.

'రాముడు మంచి బాలుడు' లాంటి వాక్యాలంటే ఆయనకు చిరాకు. ప్రతి అర్థానికీ మమ్మల్నే ఉదాహరణగా, ఇంగ్లీషులోనూ దాని కింద తెలుగులోనూ రాసేవారు. దర్జీ భాయ్ కొలతలు తీసుకుంటాడు. సనత్‌నగర్ ఫిట్టరు సెలవు తీసుకుంటాడు. 'టేక్ అఫెన్స్' దగ్గర, టైపిస్టమ్మ ఊరికే నొచ్చుకుంటుంది. అది చదివి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. "చూసినవా, నేను రాసింది నిజమేనని నువ్వే చెప్పినట్టయింది" అని నవ్వారు. "ఎరికైన మనిషి మీద పెడితే మాట మరువరమ్మా" అనేవారు.

పుస్తకం పూర్తయ్యాక ఇన్‌స్టిట్యూట్ యజమాని పై అంతస్తులోని తన గదిలోంచి కిందికి వచ్చాడు. "సార్, మీ పేరు ఎవలకెరుక? అట్ట మీద నా పేరుంటెనే కొంటరు. ఫికర్ చెయ్యకుండ్రి, ముందుమాటల మీకు థ్యాంక్స్ చెప్త" అన్నాడు. ఆ థ్యాంక్సు కూడా చెప్పలేదు. కార్బన్ పేపరు చేత్తో పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. నోరెత్తలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

సారు రెండు రోజులు గడువడిగి, చివరి పేజీ మళ్లీ రాసిచ్చారు. టైపు చేస్తుంటే నా వేళ్లు ఆగిపోయాయి. "సార్, ఆయన చూస్తే?"

"చూడడమ్మా. చదివెటోడైతే నా పుస్తకం ఎందుకు గుంజుకుంటడు?"

యజమాని పేరుతో, ఫొటోతో పుస్తకం అచ్చయింది. చివరి పేజీని అమీర్‌పేటంతా చదువుకుని నవ్వుకుంది, యజమాని తప్ప. సారు మాత్రం నవ్వారనుకోకండి. పుస్తకాల కొట్టు వస్తే తల తిప్పుకుని రోడ్డు దాటేవారు.

మొన్న ఆదివారం ఇన్‌స్టిట్యూట్‌లోనే సంతాపసభ పెట్టారు. యజమాని తెల్లబట్టల్లో వచ్చి, సారు ఫొటోకు దండ వేసి, మైకు ముందు నిలబడి, "నా పుస్తకానికి ఆయన జర సాయం చేసిండు" అన్నాడు. జర! నా ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లి పుస్తకం చివరి పేజీ తెరిచి ఆయన చేతిలో పెట్టాను.

"సార్‌కు ఈ పేజీ చాలా ఇష్టమండీ. మీ నోటితో చదివితే ఆయనకు అదే నివాళి."

ఇంగ్లీషు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. తలకెక్కితే కదా! తర్వాత కిందున్న తెలుగు అందుకున్నాడు. "మా యజమాని ఇంకొకరి పుస్తకమును తీసుకొనెను. దానిపై తన పేరును, తన ఫొటోను వేసుకొనెను. దీనిని రాసినవాని పేరు..."

అక్కడ ఆగాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు.

వెనక వరుసలోంచి దర్జీ భాయ్ లేచాడు. "ఆపుతరేంది సాబ్? పేరు చదువుండ్రి."

యజమాని నా వైపు చూశాడు. నేను మైకును ఆయన నోటికి ఇంకాస్త దగ్గరగా జరిపాను.