నడుం వెనక లైఫ్ జాకెట్

పడవెక్కినప్పుడు మీరు లైఫ్ జాకెట్ తొడుక్కుంటారా, దాని మీద కూర్చుంటారా?

రెండు రోజుల సెలవుకు విమానమెక్కి దూరం వెళ్లడం ఎందుకని, నేనూ మా అక్కా పాపికొండల దగ్గర ఒక రాత్రి ఉండి వచ్చే పడవ ఎక్కాం. దారిలో పోచమ్మ గండి గుడి దగ్గర ఆపితే, అందరూ దిగి అమ్మవారికి కొబ్బరికాయలు కొట్టి వచ్చారు. పడవ మళ్లీ కదలగానే లైఫ్ జాకెట్లు విప్పేశారు. ఈత రాని మా అక్క తనదాన్ని నడుం వెనక దిండులా పెట్టుకుంది.

"తొడుక్కో అక్కా."

"అమ్మవారికి మొక్కాం కదే! ఈ ఉక్కలో ఇంకా ఈ మూట ఎందుకు?"

"మొక్కావు, కాదనను. నీళ్లలో పడితే నిన్ను తేల్చేది ఈ మూటే."

ఎదురు బెంచీ మీది పెద్దాయన నవ్వాడు. "అశుభం మాటలెందుకండీ? మీరు టీచరుగారా ఏంటి?"

"కాదండీ, ఈవిడ చెల్లెల్ని. ఈత నాకూ రాదు."

అక్క వెనక నుంచి దాన్ని లాగి, తొడిగి, బెల్టులు బిగించేదాకా నేను కూర్చోలేదు. "పెళ్లినాడు కూడా నన్నింత బిగించలేదే" అని సణిగింది గాని, విప్పలేదు. మర్నాడు తిరుగు ప్రయాణంలో నేను అడగకముందే తొడుక్కుంది.

గోదావరికి మన మొక్కులు వినపడవు. అయినా మొక్కుతారా, మొక్కండి. ముందు మాత్రం మీ బెల్టు బిగించుకోండి, పక్కవాళ్లదీ బిగించండి.