తొమ్మిదో గడి

మా వీధి మిక్సీ మెకానిక్కుకు నాడి లేదు.

ముప్పయ్యేళ్ళు ఊరందరి మోటార్లూ విప్పి బాగుచేసిన మనిషి. సొంత గుండె మొరాయించాక, మారుగుండె దొరికేదాకా ఆసరాగా ఆసుపత్రిలో ఛాతీలో చిన్న పంపు అమర్చారు. అది గుండెలా కొట్టుకోదు, నెత్తురును ఆగకుండా తోస్తూనే ఉంటుంది. అందుకే చెయ్యి పట్టుకుంటే ఏమీ తెలియదు. పొట్ట పక్కనుంచి ఒక తీగ, భుజాన బ్యాటరీల సంచి. "మోటారు మంచిది. నాకన్నా ముందు పోదు," అని ఆయనే తేల్చేశాడు.

గుండె కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితాలో పేరు నిలవాలంటే ఏటా ఆరోగ్య కార్యాలయంలో ఫారం నింపించాలి. రెండుసార్లు తిప్పి పంపారు. ఆఖరి రోజున భార్యతో వెళ్ళాడు.

గుమాస్తా ఆయన మణికట్టు పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది.

"నాడి దొరకట్లేదు పెద్దాయనా."

"ఉండదమ్మా. పంపు కదా."

"తొమ్మిదో గడిలో అంకె వెయ్యాలి. సున్నా కొడితే కంప్యూటర్ 'మరణించారు' అంటోంది. జాబితాలోంచి పేరు తీసేస్తుంది."

"మరి పొద్దున్నుంచీ నా బుర్ర తింటున్నదెవరు?" అంది భార్య. "డెబ్బై రెండు వేసెయ్ తల్లీ, ఎవరు చూడొచ్చారు?"

"లేని నాడి ఉందని రాస్తే నా ఉద్యోగం పోతుంది. పక్క కౌంటర్లో అడగండి."

పక్క కౌంటరు మరణాల నమోదు. అక్కడి ఉద్యోగి తలెత్తకుండానే అడిగాడు: "శవం ఎక్కడుంది?"

"వెంటే తెచ్చుకున్నాను," అన్నాడు మెకానిక్కు.

"నడిచొచ్చిందా? అయితే మొదటి కౌంటరే."

గుండె పనిని మోటారుకు అప్పజెప్పగలిగిన కాలమిది. కాగితం మీద ఒక గడి మార్చే అధికారం మాత్రం ఆ మూడంతస్తుల్లో ఎవరికీ లేదు. సామాన్యుడు బతికున్నాడో లేదో అతన్ని చూసి చెప్పే అలవాటు ఆ భవనానికి ఎప్పుడో పోయింది.

నాలుగు గంటలకు బ్యాటరీ కూత మొదలెట్టింది. మారుజత మధ్యాహ్నమే వాడేశారు. సంచిలో కరెంటు తీగ ఉంది కానీ, గోడకున్న ఒక్క సాకెట్లో కంప్యూటర్ ప్లగ్గు ఉంది. మెకానిక్కు ఎవరినీ అడగలేదు. ఆ ప్లగ్గు పీకి తనది పెట్టుకున్నాడు.

గుమాస్తా కాసేపు నల్లబడ్డ తెరను చూసింది. తర్వాత సొరుగు లాగి, అడుగునుంచి పాత రిజిస్టరు తీసింది.

"కంప్యూటర్ పనిచెయ్యనప్పుడు చేత్తో రాయొచ్చు. రూలుంది."

"పొద్దునే చెప్పొచ్చుగా తల్లీ," అంది భార్య.

"పొద్దున పనిచేసింది కదండీ."

తొమ్మిదో గడిలో ఆమె నిదానంగా రాసింది: నాడి లేదు. మనిషి ఉన్నాడు. కింద ముద్ర వేసింది.

"ఇక ఆ ప్లగ్గు తీస్తారా?"

"సిరా ఆరనివ్వమ్మా," అన్నాడు మెకానిక్కు.