బడి గేటు ముందు పాడె

మా చిన్నప్పుడు... ఊరి మంచినీళ్ల బావికి పోయే దారికి పటేలు ముళ్లకంప కొట్టించాడు. ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో పోయి ఆయన వాకిట్లో కూర్చున్నారు. మా అమ్మ కూడా. ఎదురుగానే మా బడి... ఒకటే గది, తలుపు కూడా సరిగ్గా పడేది కాదు.

నాకు పలక మీద ధ్యాసే లేదు. అమ్మను ఎవరేమంటారో, ఎవరైనా కొడతారేమోనని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇంతలో ఒకావిడ రాయి తీసుకుని బిందె మీద దడదడ బాదింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"సప్పుడు జెయ్యకుంటె పటేల్‌కు ఎట్ల ఇనబడ్తది వదినా?"

"పంచాయితి పటేల్‌తోని, పోరగాండ్లతోని గాదు. బడి ఇడిశినంక కొడ్దాం... ఆయన చెవుల తుప్పు రాలేదాక కొడ్దాం తియ్యి!" అంది అమ్మ.

అందరూ నవ్వారు. బడి గంట కొట్టేదాకా ఒక్క బిందె మోగలేదు. గంట కొట్టగానే... అబ్బో, ఆ మోత! పలకలు చంకన పెట్టుకుని మేమూ వాళ్ల మధ్యలో దూరాం. చివరికి పటేలే మనుషులను పెట్టి కంప తీయించాడు.

ఇప్పుడు... రాయాలంటేనే రోత పుడుతోంది.

ఈమధ్య మా ఊళ్లో, ఇటిక్యాల పోయే రోడ్డు పక్కనున్న బడి ముందు ధర్నా పెట్టారు. కాలువ నీళ్లు రావడం లేదని. నీళ్లు మాకూ కావాలి, మా చేనూ ఎండుతోంది. దానికి కాదు నా బాధ.

గడ్డితో మనిషి బొమ్మ చేసి, పాడె కట్టి, డప్పులతో బడి గేటు దాకా మోసుకొచ్చారు. పేలాలు చల్లారు. ఒకాయన భుజం మీద కుండ పెట్టుకుని బొమ్మ చుట్టూ తిరిగి పగలగొట్టాడు. కొందరు గుండెలు బాదుకుంటూ దొంగ ఏడుపులు... తర్వాత నిప్పు పెట్టారు. చుట్టూ నవ్వులు, ఫోన్లు. ఛీ! చావును కూడా ఆట చేసుకున్నారు.

లోపల నా మనవరాలు ఉంది. ఒకటో తరగతి. పోయిన వానాకాలంలోనే దాని తాత... మా ఆయన... పోయాడు. అప్పుడే తాత పాడె, కుండ, మంట చూసి బెదిరిన పిల్ల. గేటు సందులోంచి మళ్లీ అదే చూసింది.

సాయంత్రానికే జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. తెల్లారి బడికి పోనని మంచం కోడు పట్టుకుంది. మరునాడూ అదే, ఆ తర్వాతా అదే. ఇక చదువే మానేస్తుందేమోనని నాకు ముద్ద దిగలేదు. నా చదువు మూడో తరగతితోనే సరి... దీనికీ అదే రాత పడుతుందా?

ధర్నా పెట్టించినవాడు నాకు వరుసకు మరిది కొడుకు. పోయి అడిగాను.

"కాలువోల్ల ఆఫీసుండంగ బడి ముంగట గీ పీనుగ లేపుడేందిరా?"

"నీకు తెల్వదు పెద్దమ్మా. ఆడ గూసుంటె కుక్క గూడ జూడదు. గీడైతె బస్సులు ఆగుతయ్, జనం జూస్తరు."

పిల్లలు చూస్తారని మాత్రం తట్టలేదు వాడికి.

పోలీసుస్టేషన్‌కూ పోయాను.

"పరీక్షలప్పుడైతె బడికాడ నలుగురు గూడొద్దని ఆర్డరొస్తదవ్వా. ఉత్త దినాలల్ల పైనుంచి చెప్పంది మేం ఎట్ల ఆపుతం?" అన్నాడు అక్కడి పోలీసాయన.

"ఒకటో తరగతోల్లకు గసుంటి పరీక్షల్లేవు బిడ్డా. మరి గాల్ల జడుపుకు ఆర్డరెవలిస్తరు?"



బడి నడిచే వేళ గేటు ముందు ఇట్లాంటివి ఆపే అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి... చట్టంలోనే ఉండాలి. ఇది రాస్తుంటేనే ఇంకో దిగులు. ఆ అధికారం చేతికొచ్చాక మా అమ్మలాంటివాళ్లను పటేళ్ల వాకిళ్లలోంచి లేపడానికే వాడుకుంటారేమో! అయ్యా, బడి గేటు వరకే కట్టడి పెట్టండి. మా నోళ్లకు కాదు.

తరగతి గది గుమ్మంలో నేను కూర్చుంటానంటే నా మనవరాలు నిన్న బయలుదేరింది. గేటు దగ్గర నేలంతా ఇంకా మసి. దాని మీద కాలు పెట్టకుండా నా కొంగు పట్టుకుని ఆగిపోయింది.

"అవ్వా... ఇయ్యాల ఎవలు సచ్చిపోయిండ్రు?"

మా రోజుల్లో బడి దగ్గరికి రాగానే మేమడిగే మొదటి మాట, రేగుపళ్లమ్మే అవ్వ వచ్చిందా అని... మీ ఇంటి పిల్లలు బడి ముందు ఆగి ఏమడుగుతున్నారో, ఒక్క మాట రాయండి.