మూడు గింజల కాయ

ఫ్రిజ్ తలుపు తీయగానే ముఖానికి తగిలే ఆ చల్లటి వాసన నాకిప్పటికీ రాజేశ్వరి వాళ్ళింటి వాసనే. ఎనభైల చివర్లో హిందూపురంలోని మా వీధికంతటికీ ఫ్రిజ్ ఒక్కటే, అది పక్కింటి రాజేశ్వరి వాళ్ళది. వాళ్ళ నాయన ధర్మవరం పట్టుచీరల వ్యాపారి, మా నాయనది సైకిల్ షాపు. ఆ ఏళ్ళలో రంజాను నడివేసవిలో వచ్చేది. శనక్కాయలు వేయించిన వాసన, నీళ్ళు చల్లిన వాకిలి వాసన కలిసిపోయిన సాయంత్రాల్లో, మా అవ్వ సబ్జా గింజలు నానబెట్టి, బెల్లం నీళ్ళలో నిమ్మకాయ పిండి, ఒక్కపొద్దు విడిచే వేళకు ఎదురుచూస్తూ కూర్చుంటే, రాజేశ్వరి స్టీలు గిన్నె నిండా ఐసుముక్కలతో ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికీ వచ్చేది. "నా బంగారు తల్లే, సల్లగుండు" అని అవ్వ ఆమె తల నిమిరేది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, సొంత మనవరాలు నేను పక్కనే ఉండేదాన్ని. నాకు ఒళ్ళు మండిపోయేది.

నా క్లాసే చదివే రాజేశ్వరి, పెనుకొండలో చుట్టాల పెళ్ళికని బడికి రాని ఒక రోజున సైన్సు మాస్టారు శనక్కాయలు తెచ్చి ఓజోను పాఠం చెప్పారు. రెండు గింజల కాయ మనం పీల్చే ఆక్సిజన్. ఆకాశంలో బాగా పైన, ఎండలోని చురుకైన కిరణాలు దాన్ని చీలిస్తే, విడిపోయిన గింజ ఇంకో కాయలో చేరి మూడు గింజలవుతుంది. అదే ఓజోను, మన ఒంటినీ కళ్ళనూ కాల్చే కిరణాలను అడ్డుకునేది. ఫ్రిజ్జుల్లోని గ్యాసు బయటపడి అంత ఎత్తుకు చేరితే, అందులోంచి ఊడిన క్లోరిన్ ఆ మూడు గింజల కాయలను ఒకదాని తర్వాత ఒకటి విడగొడుతూనే పోతుందట. తర్వాతి మాటలు నా చెవికెక్కలేదు. బడి వదలగానే నేరుగా రాజేశ్వరి వాళ్ళింటికెళ్ళాను.

"మీ ఫ్రిజ్జుతోనే ఆకాశానికి బొక్క పడతాండాది!"

పెళ్ళి నుంచి అప్పుడే వచ్చిన వాళ్ళమ్మ హడలిపోయి స్విచ్ కట్టేసింది. ఆ సాయంత్రం వీధి వీధంతా వెచ్చటి షర్బత్ తాగింది. "ఐసు యాడమ్మా?" అని అవ్వ అడిగితే, ఇక రాదని హాయిగా చెప్పాను.

మర్నాడు రాజేశ్వరి మాస్టారినే అడిగి తెలుసుకుంది: గ్యాసు గొట్టంలో భద్రంగా తిరుగుతున్నంతసేపూ ఏమీ కాదు, గొట్టం పగిలి బయటికొస్తేనే చేటు. సాయంత్రం ఐసు గిన్నెతో పాటు గుప్పెడు శనక్కాయలు తెచ్చి, ఇంటింటి ముందూ కూర్చుని, కాయలు ఒలిచి చూపిస్తూ, నాకొక్కదానికే తెలుసనుకున్న పాఠమంతా నాకన్నా బాగా చెప్పింది. అవ్వ మూడు గింజల కాయను అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది.

"ఎంత తెలివుండాదే తల్లీ నీకు! మా పాపకు గూడా రవ్వంత నేర్పియ్యమ్మా."

ఇప్పుడు ఆ వీధిలో ప్రతి ఇంటా ఫ్రిజ్ ఉంది. ఒక్కపొద్దు వేళ ఎవరి తలుపూ ఎవరూ తట్టరు. అవ్వ పోయింది, రాజేశ్వరి పెళ్ళయి బెంగళూరు వెళ్ళిపోయింది. ఓజోను పొర మెల్లగా కోలుకుంటోందని మొన్న పేపర్లో చదివి సంతోషించబోయాను. ఈ సంగతి కూడా ఆమెకు నాకన్నా ముందే తెలిసి ఉంటుందని తోచగానే, కడుపు భగ్గుమంది.