బస్సులో చెప్పిన సారీ

ఆటో మిర్చి యార్డు దాటుతుంటే ఘాటు ముక్కుకెక్కింది. అందరి కళ్ళలోనూ నీళ్ళే కాబట్టి నా కళ్ళను ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం సుగుణమ్మ మేడం గుర్తొచ్చారు.

చిలకలూరిపేట దారిలో ఒక పల్లె బడిలో నేను కొత్తగా చేరినప్పుడు ఆవిడ హెడ్‌మిస్ట్రెస్. గుంటూరు నుంచి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళొచ్చేవాళ్ళం. మాట తక్కువ మనిషి. నేను పాఠం తప్పు చెప్పినా పిల్లల ముందు ఎప్పుడూ అనలేదు. ఇంటర్వెల్‌లో పిలిచి, కుర్చీ చూపించి, అప్పుడు చెప్పేవారు.

ఒకరోజు ఇంట్లో చూసేవాళ్ళు లేక నాలుగేళ్ళ మా హారికను బడికి తీసుకెళ్ళాను. తిరిగొస్తుంటే బస్సు యార్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. ఘాటుకి కళ్ళు మండి అది గుక్కపట్టి ఏడుస్తూ ముందు సీటును తన్నింది. ఆ సీట్లో కూర్చున్నాయన వెనక్కి తిరిగాడు.

"ఇట్టాగేనా పిల్లని పెంచేది? టీచర్లలాగా ఉన్నారు, సొంత పిల్లకి చెప్పుకోలేరా?"

బస్సంతా నన్నే చూస్తున్నట్టనిపించింది. హారిక చెంప మీద ఒక్కటి వేశాను. ఆయనతో "సారీ అండి" అన్నాను. దెబ్బకి ఏడుపు ఆగింది. ఆయన ముందుకు తిరిగాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణంలో నాకు హాయిగానే అనిపించింది.

మేడం పిల్లను ఒళ్ళోకి తీసుకుని, సీసాలో నీళ్ళతో కొంగు తడిపి దాని కళ్ళు తుడిచారు. తర్వాత ఆయన్ని పిలిచి, "బాబూ, పిల్లకి కళ్ళు మండుతున్నాయి. మీకు ఇబ్బందైతే ఇటొచ్చి కూర్చోండి, మేం అక్కడ కూర్చుంటాం" అన్నారు నెమ్మదిగా.

"పర్లేదులెండి" అన్నాడాయన, తల తిప్పకుండానే.

బస్సు దిగాక మేడం, "నువ్వు కొట్టింది పిల్ల కోసం కాదమ్మా, ఆయన కోసం" అన్నారు. వెంటనే తన సంగతీ చెప్పారు. "ఎవరో ఏదో అన్నారని మా అబ్బాయిని చిన్నప్పుడు నేనూ ఇట్టాగే పెళ్ళి పందిట్లో కొట్టాను. వాడికిప్పుడు ముప్ఫయ్యేళ్ళు. నలుగురిలో ఉంటే నా పక్కన కూర్చోడు."

ఆ తర్వాత హోటల్లోనో ఆసుపత్రిలోనో హారికను ఎవరైనా ఏమైనా అంటే, ముందు దాని వైపు తిరిగి ఏమైందని అడగడం అలవాటు చేసుకున్నాను. వాళ్ళకు జవాబు ఆ తర్వాతే. అన్నిసార్లూ కుదరలేదు.

మేడం పోయి రెండేళ్ళయింది. కిందటి నెల, ఇంటర్ చదువుతున్న హారికకు ఆ రోజు సంగతి చెప్పి, కొట్టినందుకు క్షమించమన్నాను. అది ఫోన్ పక్కన పెట్టింది.

"దెబ్బ గుర్తులేదమ్మా. ఆ అంకుల్‌కి నువ్వు సారీ చెప్పడం గుర్తుంది. నేనేం తప్పు చేశానో తెలియలేదు."

"నువ్వేం తప్పూ చేయలేదు" అన్నాను. ఆ మాట బస్సులోనే చెప్పాల్సింది.